కార్పొరేషన్ బడ్జెట్ చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: ప్రారంభ నిల్వ ఆదాయం కాదు

ఈ వారం నీటి పన్నుల పేజీ చదవాలి అనుకున్నాం. కానీ పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఆగక తప్పలేదు. లెక్క ఇది, అంకెలు నేను ఊహించి ఇచ్చినవి: ప్రారంభ నిల్వ (పోయిన ఏడాది నుంచి చేతిలో మిగిలి వచ్చిన డబ్బు) 40 కోట్లు, ఏడాది రాబడి 150 కోట్లు, ఖర్చు 165 కోట్లు; ఆ ఏడాది మిగులా, లోటా? ఎక్కువమంది "25 కోట్ల మిగులు" అని రాశారు. తప్పు మీది మాత్రమే కాదు. 40, 150 కలిపి 190 చేసి, ఖర్చు తీసేసి మిగులు అని చెప్పడం అందరికీ అలవాటైపోయింది. ఆ ఏడాది నిజానికి 15 కోట్ల లోటు.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు ఒకటి అనుకోండి. పొద్దున గల్లాపెట్టె తెరిస్తే 40 వేలు ఉన్నాయి. అది నిన్నటి డబ్బు. ఈరోజు బేరం ఎంత అని అడిగితే ఆ 40 వేలు కలిపి చెప్పే యజమాని ఉండడు. పైగా అందులో 20 వేలు పక్క కొట్టాయన దాచిపెట్టమని ఇచ్చిన చీటీ డబ్బు. చేతిలో ఉంది, కానీ మనది కాదు.

కార్పొరేషన్ ప్రారంభ నిల్వలోనూ ఇలాంటి డబ్బు ఉంటుంది. కాంట్రాక్టర్లు కట్టిన డిపాజిట్లు పని అయ్యాక, గడువు తీరాక తిరిగి ఇచ్చేయాలి. ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసే లైబ్రరీ సెస్సు, రూపాయికి 8 పైసలు, జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మీ రసీదు తీసి చూడండి, ఆ వరస విడిగా కనిపిస్తుంది. ఇక గ్రాంట్లు, అంటే పై ప్రభుత్వాలు ఇచ్చే డబ్బు. కేంద్రం డబ్బు ఎవరికి ఎంత ఇవ్వాలో సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం 2021-26కి పది లక్షల లోపు జనాభా నగరాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టిపడేసింది. ఆ డబ్బుతో జీతాలు ఇవ్వకూడదు, ట్రంకు రోడ్డులో డివైడర్ కట్టకూడదు.

మన లెక్కనే మళ్లీ చూద్దాం. ఆ 40 కోట్లలో 12 కోట్లు డిపాజిట్లు, 18 కోట్లు ఖర్చు కాని గ్రాంట్లు. ఏడాదిలో వాటిని తిరిగి ఇవ్వలేదు, ఆ పనులూ చేయలేదు. అంటే ఏడాది చివర కనీసం 30 కోట్లు కదలకుండా ఉండాలి. మిగిలింది 25. పరుల డబ్బు 5 కోట్లు అప్పటికే వాడేశారు. "మిగులు" అని మురిసిపోయిన చోటే ఇంత గొయ్యి ఉంది. పైప్‌లైన్ పని మొదలు కాకపోవడానికి, కాంట్రాక్టర్ బిల్లు రాలేదని పని ఆపేయడానికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. అందుకే దీని మీద ఇంత పట్టుబడుతున్నాను.

నేనైతే బడ్జెట్ పుస్తకం చేతికి రాగానే మొదటి పేజీలోని సారాంశం చూడను. నేరుగా డిపాజిట్ల పేజీకి వెళ్లి, ఆ మొత్తం పెన్సిల్‌తో ప్రారంభ నిల్వ పక్కన రాసుకుంటాను. గ్రాంట్ల మిగులు దాని కింద. ఆ తర్వాతే ఇంటి పన్ను, ఆశీలు (మార్కెట్లలో వసూలు చేసే రుసుం), నీటి పన్ను చూస్తాను. వాటిలోనూ అంచనా గడి వదిలేసి, పోయిన ఏడాది వాస్తవంగా వసూలైన గడే చదువుతాను.

అభ్యాసం: నెల్లూరుదో ఒంగోలుదో మూడేళ్ల బడ్జెట్ సంపాదించండి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఏటా ప్రారంభ నిల్వలోంచి డిపాజిట్లు, గ్రాంట్లు తీసేసి అసలు నిల్వ కట్టండి. తర్వాత నీటి సరఫరా ఖర్చు వేయండి: కరెంటు బిల్లు, పటిక, క్లోరిన్, మోటార్ల రిపేర్లు, సిబ్బంది జీతాలు. నెల్లూరుకు పెన్న నీళ్లు, ఒంగోలుకు సాగర్ కాలువ నుంచి చెరువుల్లో నింపుకునే నీళ్లు, కాబట్టి పంపింగ్ ఖర్చు విడిగా రాయండి. వంద రూపాయల ఖర్చులో నీటి పన్ను ఎన్ని రూపాయలు తెస్తోందో తేల్చండి. రెండు వారాలు పట్టినా పర్వాలేదు, ఆ కాగితం దగ్గర పెట్టుకునే 5వ పాఠం చదవాలి.