మేస్త్రీని పిలిచే ముందు ముగ్గుతో గీత గీయండి

గేటు నుంచి మెట్ల దాకా కాంక్రీటు బాట వేయించాలని ముగ్గురు మేస్త్రీలను అడిగితే ముగ్గురూ మూడు లెక్కలు చెప్పారు. ఎవరిది ఎంత మందమో, ఎన్ని బస్తాలో తెలియక పోల్చడమే కుదరలేదు.

అప్పుడు నేలమీద ముగ్గుపిండితో బాట గీసి, టేపుతో కొలిచాను. 30 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. 4 అంగుళాల మందానికి పొడవును వెడల్పుతో గుణించి 3తో భాగిస్తే చాలు, 30 ఘనపుటడుగులు. 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) ఇంచుమించు నాలుగున్నర ఘనపుటడుగులకు ఒక సిమెంటు బస్తా, అంటే దాదాపు 7 బస్తాలు. తరుగుకు ఇంకొకటి కలపండి. ఈ కొలతలే కాగితంమీద రాసి, అడుగు వెడల్పుకు పావు అంగుళం చొప్పున ఇంటి గోడ నుంచి బయటి వైపుకు వాలు, పగుళ్లు రాకుండా మూడడుగులకొక జాయింటు (అడ్డగీత), వారం రోజుల క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) కూడా చేర్చి ముగ్గురికీ అదే ఇచ్చాను. ఇప్పుడు రేట్లు నిజంగా పోల్చగలిగాను. మన హైదరాబాద్ వానలకు ఆ వాలు మాత్రం అస్సలు వదలొద్దు, నీళ్లు ఇంకుడు గుంత వైపు పోయేలా చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. కారు ఎక్కే చోట ఈ లెక్క పనికిరాదు, అక్కడ మందం పెంచాలి. కొత్తగా మట్టి పోసిన నేలైనా, నల్లరేగడి అయినా ముందు దిమ్మిస కొట్టించి, కంకర పరిపించకపోతే ఎంత మంచి కాంక్రీటైనా పగులుతుంది.