గొడ్డలి పెద్దదే, తిప్పడానికి ఎంతసేపు?

అమలాపురంలో మా పిన్ని కొడుకు వాన సెలవుల్లో ‘డంజన్ క్రాల్ స్టోన్ సూప్’ అనే కంప్యూటర్ గేమ్ ఆడుతూ, ఎగ్జిక్యూషనర్స్ యాక్స్ అనే పెద్ద గొడ్డలి దొరకగానే చేతిలో ఉన్న చిన్నది, వార్ యాక్స్, పడేశాడు. డ్యామేజ్ 11 నుంచి 18కి పెరిగిందని సంబరం. పక్కనే ఉన్న డిలే చూసుకోలేదు.

డిలే అంటే ఒక దెబ్బకు పట్టే టైమ్. 1.0 అంటే గేమ్‌లో ఒక మామూలు టర్న్, అంటే ఒక వంతు. వార్ యాక్స్‌కి 1.5, పెద్దదానికి 2.0. వీడు ఒకసారి ఎత్తి దించేలోపు మామూలు వేగమున్న శత్రువు రెండు దెబ్బలు వేస్తాడు. కొబ్బరి దింపేవాళ్ల చేతిలో చిన్న కత్తే ఎందుకుంటుందో చూస్తూ పెరిగినవాడికి ఇది తట్టలేదు మరి!

యాక్స్ స్కిల్, అంటే గొడ్డలి వాడే నేర్పు, 2 లెవెల్స్ పెరిగితే డిలే 0.1 తగ్గుతుంది, ఈ రెండు గొడ్డళ్లకీ 0.7 వరకే. యాక్స్ స్కిల్ 16కి వచ్చేసరికి వార్ యాక్స్ 0.7కి దిగుతుంది, పెద్దది ఇంకా 1.2 దగ్గరే. డ్యామేజ్‌ని డిలేతో భాగిస్తే ఒక టర్న్‌కి పడే డ్యామేజ్ చిన్నదానికి దాదాపు 15.7, పెద్దదానికి 15. పైగా పెద్దదానికి అక్యురసీ (గురి) మైనస్ 6, రెండు చేతులూ కావాలి, డాలు పట్టలేం.

అయితే కవచం ప్రతి దెబ్బనూ విడిగా తగ్గిస్తుంది. బాగా కవచమున్న శత్రువు మీద పెద్దదే నయం. స్కిల్ 26 దాకా పెంచే ఓపిక ఉంటే అదీ 0.7కి వస్తుంది.