క్యోటో ఆలయాలు, పాత వీధులు: ఒంటరి యాత్రికులకు

ఒంటరిగా క్యోటోకు వెళ్లేవారు మొదటి ఉదయాన్ని కియొమిజు ఆలయానికే కేటాయించుకోవాలి. 778లో స్థాపితమైన ఈ ఆలయం ఉదయం 6 గంటలకే తెరుచుకుంటుంది కాబట్టి, 1633లో పునర్నిర్మించిన ప్రధాన మందిరాన్ని, కొండవాలుపై ఎత్తైన కొయ్య స్తంభాల మీద నిలిచిన దాని వేదికను జనసమ్మర్దం పెరగకముందే తీరికగా చూడవచ్చు. అక్కడి నుంచి సన్నెన్‌జాకా, నినెన్‌జాకా రాతి వీధుల గుండా పాత కొయ్య ఇళ్లను గమనిస్తూ కిందికి నడవండి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో ఎవరినీ అడగనక్కరలేని ఈ నడకే, నా దృష్టిలో, ఒంటరి ప్రయాణపు అసలైన ఫలం.

చాలా మందిరాల్లో పాదరక్షలు విడవాలి కనుక, సులభంగా విప్పగలిగేవి వేసుకోండి.

గెయిషాల వాడగా పేరొందిన గియోన్‌లో మాత్రం ప్రత్యేక జాగ్రత్త అవసరం. అక్కడి ప్రైవేటు సందుల్లోకి పర్యాటకుల ప్రవేశాన్ని 2024లో నిషేధించి, 10,000 యెన్ల జరిమానా హెచ్చరిక బోర్డులు పెట్టారు. దారిన వెళ్లే గెయికోలను (క్యోటో గెయిషాలను), మైకోలను (వారి వద్ద శిక్షణ పొందే యువతులను) ఫొటోల కోసం వెంబడించడం వారిని నిజంగా బాధిస్తుంది.

చాలా ఆలయాలు సాయంత్రం 5 గంటల ప్రాంతంలో మూతపడతాయి. ఆ తర్వాత, రాత్రింబవళ్లు ఉచితంగా తెరిచి ఉండే ఫుషిమి ఇనారి షింటో మందిరానికి వెళ్లవచ్చు.