ఎండాకాలంలో ఇంట్లో సర్క్యూట్ బోర్డు చేసేవాళ్లకు జాగ్రత్తలు

సెలవులు రాగానే నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో విడిభాగాలను బోర్డుకు అతికే సోల్డరింగ్ ఐరన్లు బయటికొస్తాయి. కొందరికి కాలేజీ ప్రాజెక్టు ఉంటుంది. కొందరికి బాయికాడి మోటారును ఫోన్‌తో ఆన్ చేసే బోర్డు సొంతంగా చేసుకోవాలని ఉంటుంది. తప్పకుండా చేయండి. అయితే ఐరన్ తగిలి వేలు కాలితే వెంటనే తెలుస్తుంది, నల్లా ధార కింద 20 నిమిషాలు పెడతాం. అప్పటికప్పుడు తెలియని వాటి గురించే నా టెన్షన్.

ముందు పొగ సంగతి. 43 డిగ్రీల ఎండలో ఫ్యాన్ ఆపి కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. ఫ్యాన్ వేస్తే ఐరన్ మొన చల్లారి అతుకు సరిగ్గా పడదు, పొగ ముఖానికే కొడుతుంది. కూలర్ పెట్టి తలుపులు మూస్తే ఇంకా అన్యాయం. ఆ పొగ సీసం (లెడ్) లోహానిది కాదు, అతుకు బాగా పట్టడానికి వాడే ఫ్లక్స్‌లోని రోజిన్ అనే చెట్టు జిగురు కాలిన పొగ. అదే పనిగా పీలిస్తే ఆస్తమా రావచ్చు. అందుకే పొద్దున్నే, ఎండ ముదరకముందు కిటికీ పక్కన కూర్చోండి. పాత కంప్యూటర్‌లోని 12 వోల్టుల చిన్న ఫ్యాన్‌ను పొగను కిటికీ వైపు లాగేటట్టు పెట్టుకోండి.

సీసం మాత్రం చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. అతకడానికి కరిగించే మామూలు సోల్డర్ తీగలో 40 శాతం దాకా సీసమే ఉంటుంది. తీగను పళ్లతో పట్టుకోవద్దు, వంటింట్లో పని పెట్టుకోవద్దు, లేచాక సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినొద్దు. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

బోర్డును ఇంట్లోనే ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఎచింగ్ చేస్తే, అంటే అక్కర్లేని రాగిని కరిగిస్తే, ప్లాస్టిక్ టబ్బు వాడండి. పొడిని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, బాగా వేడి పుడుతుంది. వాడిన నీళ్లలో రాగి ఉంటుంది, మోరిలో పోయొద్దు. నిజానికి బోర్డులు తయారుచేసేవాళ్లకు గెర్బర్ ఫైల్ (బోర్డు డిజైన్ ఫైల్) పంపి బోర్డు చేయించుకోవడమే మేలు. పంపేముందు డిజైన్‌ను అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, విడిభాగాలను దాని మీద పెట్టి చూడండి. కనెక్టర్ కాళ్లు కుదరకపోతే అక్కడే తెలిసిపోతుంది.

అతుకులయ్యాక బోర్డును బోరు నీళ్లతో కడగొద్దు. మన నీళ్లలోని లవణాలు ఆరాక బోర్డు మీదే మిగిలిపోతాయి, వానాకాలం తేమకు కరెంటు వాటి మీదుగా పారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అది ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఐరన్ ఆపి, పూర్తిగా చల్లారాకే సీసా మూత తీయండి.

ఇక మోటారు బోర్డు. ఇక్కడ తప్పు జరిగితే ప్రాణం మీదికొస్తుంది. అందరూ వాడే చిన్న నీలం రిలే (బోర్డు ఇచ్చే చిన్న కరెంటుతో ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) మీద 250 వోల్టులని రాసి ఉంటుంది. త్రీఫేజ్ స్టార్టర్లలో చాలావాటి కాయిల్ (స్టార్టర్‌ను ఆన్ చేసే తీగచుట్ట) 415 వోల్టులది. ఆ రిలేతో ఆ కాయిల్‌ను నేరుగా నడపొద్దు, మధ్యలో 415 వోల్టులకు తగిన కాంటాక్టర్ (రిలే లాంటిదే, పెద్ద స్విచ్) ఉండాలి. స్టార్టర్ వైపు వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. బోర్డు మీద మెయిన్స్ గీతలకూ చిప్ వైపు గీతలకూ మధ్య 8 మిల్లీమీటర్లు వదలండి, స్థలం చాలకపోతే బోర్డే పెద్దది చేయండి. ఎండలో స్టార్టర్ డబ్బా లోపల ఉడికిపోతుంది కాబట్టి 105 డిగ్రీల వేడిని తట్టుకునే కెపాసిటర్లే కొనండి. కరెంటు పోయింది కదా అని డబ్బాలో చెయ్యి పెట్టొద్దు, ఏ క్షణమైనా వస్తుంది. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, మీటర్‌తో చూసుకున్నాకే ముట్టుకోండి.

ఇంట్లో బోర్డుకు మొదటిసారి 230 వోల్టులు ఇచ్చేముందు ప్లస్, మైనస్ కలిసిపోలేదని మల్టీమీటర్‌తో చూడండి. ఫేజుకు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి, పక్కన స్విచ్ ఆపడానికి ఒక మనిషిని ఉంచుకోండి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే ఫర్వాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే బోర్డులో షార్ట్ ఉంది. వెంటనే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కెపాసిటర్లలో వోల్టేజీ మిగల్లేదని మీటర్‌తో చూసుకున్నాకే బోర్డును చేతిలోకి తీసుకోండి.