వర్డ్ మొరాయిస్తే ముందు చూడాల్సింది ఖాతా

బెంగళూరు చిక్కపేటలో చీరల వ్యాపారం చేసే ఒక పెద్దాయన, సొంత ఊరు హిందూపురం, మార్చి నెలాఖరున ఫోను చేశారు. “ఎక్సెల్ తెరుచుకుంటోంది బాబూ, లెక్కలన్నీ కనిపిస్తున్నాయి, కానీ ఒక్క గడి కూడా మార్చనివ్వడం లేదు. డబ్బు కట్టి ఆరు నెలలైనా కాలేదు.” వెళ్ళి చూస్తే ఆయన చెప్పింది నిజమే. డబ్బు కట్టింది కొడుకు ఖాతాతో. దుకాణం కంప్యూటరులో లాగిన్ అయి ఉన్నది మాత్రం ఎప్పటిదో పాత మెయిల్‌తో.

బెంగళూరులో మన వాళ్ళ ఇళ్ళలో, దుకాణాల్లో మైక్రోసాఫ్ట్ 365తో, అంటే వర్డ్, ఎక్సెల్ వగైరాలను చందా కట్టి వాడుకునే ప్యాకేజీతో, వచ్చే ఇబ్బందులు నేను చూసినంతలో ఎక్కువ భాగం ఇలాంటివే. సీడీ కొని ఎక్కించుకున్న రోజుల్లో లైసెన్సు కంప్యూటరుకు ఉండేది. ఇప్పుడది మనిషి ఖాతాకు ఉంటుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే సగం చిక్కులు విడిపోతాయి.

తెరుచుకుంటుంది, రాయనివ్వదు

పైన ‘అన్‌లైసెన్స్‌డ్ ప్రొడక్ట్’ అని కనబడితే కంగారు పడకండి. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. చందా కనబడనప్పుడు వర్డ్, ఎక్సెల్ చదవడానికి, ముద్రించడానికి మాత్రమే పనికివస్తాయి. చాలామంది ఇక్కడే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కిస్తారు. గంట వృథా. ఫైల్ మెనూలో అకౌంట్ నొక్కి, అక్కడున్న మెయిల్ చిరునామాను అక్షరం అక్షరం చదవండి. డబ్బు కట్టిన ఖాతా అది కాకపోతే సైన్ అవుట్ చేసి, సరైన దానితో ప్రవేశించండి.

చిరునామా సరైనదే అయితే చెల్లింపు ఆగి ఉండవచ్చు. కార్డు నుంచి తనంతట తానే డబ్బు వెళ్ళే పద్ధతికి రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమలవుతున్నాయి. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా బ్యాంకు తెలియజేయాలి, మొదటిసారి మీ అనుమతి నమోదై ఉండాలి. ఆ అనుమతి లేకపోయినా, కార్డు మారినా రెన్యువల్ జరగదు. మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలోకి వెళ్ళి చందా గడువు తేదీ చూసి, మీ చేతులతో మీరే కట్టండి.

వ్యాపారాల్లో ఇంకో కారణం ఉంది. బిజినెస్ బేసిక్ ప్లాన్‌లో వర్డ్, ఎక్సెల్ బ్రౌజరులోనూ ఫోనులోనూ మాత్రమే పనిచేస్తాయి. కంప్యూటరులో ఎక్కించుకునే హక్కు అందులో లేదు. ధర తక్కువని అది కొని, కంప్యూటరులో ఎందుకు రావడం లేదని వెతికేవాళ్ళు ఎందరో. ప్లాను మార్చడం తప్ప దానికి మందు లేదు.

ఖాతా సరే, చెల్లింపు సరే, ప్లానూ సరే. అయినా తెరుచుకోదు. అప్పుడు గడియారం చూడండి. మారతహళ్ళిలో ఒక ఇంట్లో పాత కంప్యూటరు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయేది. తేదీ తప్పయితే లైసెన్సు సరిచూసుకోవడం కుదరదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా మెరిసే సీఆర్2032 బ్యాటరీ అయిపోవడమే కారణం. ఇక్కడ కంప్యూటరు సామాను అమ్మే ఎస్.పి. రోడ్డులో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేస్తే చాలు.

ఫైలు మాయమైంది

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే పోగొట్టుకునేది పిల్లల ఫొటోలు, ఏళ్ళ లెక్కలు. కంప్యూటరులో చోటు చాలడం లేదని, ఫైళ్ళను ఇంటర్నెట్‌లో (క్లౌడ్‌లో) కూడా ఉంచే వన్‌డ్రైవ్ ఫోల్డరులోని ఫైళ్ళు తొలగిస్తారు, క్లౌడ్‌లో ఉన్నాయి కదా అనుకుని. కానీ ఆ ఫోల్డరు నకలు పెట్టె కాదు, అద్దం. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచిపోతుంది, ఫోనులోనూ పోతుంది. వెంటనే బ్రౌజరులో వన్‌డ్రైవ్ తెరిచి రీసైకిల్ బిన్ చూడండి. ఇంటి ఖాతాలో 30 రోజులు, ఆఫీసు ఖాతాలో మామూలుగా 93 రోజులు అక్కడ ఉంటాయి. ఇకమీదట చోటు కావాలంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకోండి. ఆకుపచ్చ టిక్కు పోయి నీలి మేఘం గుర్తు వస్తుంది. అంటే ఫైలు క్లౌడ్‌లో భద్రంగా ఉంది, తెరవాలంటే మాత్రం ఇంటర్నెట్ కావాలి.

ఎర్రని ఇంటూ గుర్తు కనిపిస్తే సింక్, అంటే కంప్యూటరుకూ క్లౌడ్‌కూ మధ్య ఫైళ్ళ రాకపోకలు, ఆగిందని అర్థం. ఉచిత ఖాతాలో 5 జీబీ మాత్రమే, నిండిపోయి ఉంటుంది. లేదా చందా ఒక ఖాతాలో ఉంటే వన్‌డ్రైవ్ వేరే ఖాతాలో నడుస్తూ ఉంటుంది.

కొడుకు కాలేజీ ప్రాజెక్టు తల్లి డెస్క్‌టాప్ మీద ప్రత్యక్షమవుతోందా? ఒకే పాస్‌వర్డ్ ఇంటిల్లిపాదీ వాడుతున్నారన్నమాట. ఫ్యామిలీ ప్లాన్ ఆరుగురికి, ఒక్కొక్కరికి 1 టీబీ చొప్పున విడివిడిగా వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలోని షేరింగ్‌లో వాళ్ళ వాళ్ళ ఖాతాలను చేర్చండి.

తెలుగు అక్షరాలు పిచ్చి గీతలైతే

ఊరి నుంచి వచ్చిన పెళ్ళి శుభలేఖ వర్డ్ ఫైలు ఇక్కడ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు. అది అను ఫాంట్ల వంటి పాత డీటీపీ పద్ధతిలో టైపు చేసినది, ఆ ఫాంటు మీ దగ్గర లేదు. చదవడానికే అయితే పీడీఎఫ్ పంపమనండి. మార్పులు చేయాలంటే ఏ కంప్యూటరులోనైనా కనిపించే యూనికోడ్ పద్ధతిలోకి మార్పిడి చేసుకుని, గౌతమి లేదా నిర్మల యూఐ ఫాంటు పెట్టుకోండి.

ఉద్యోగి మానేశాక

గుమాస్తా వెళ్ళిపోయిన రోజే అతని ఖాతా తీసేస్తారు. నెల తరువాత ఒక సరఫరాదారు పాత మెయిల్ గురించి అడిగితే వెతుకులాట మొదలవుతుంది. తొలగించిన ఖాతాను అడ్మిన్ (సంస్థ ఖాతాలన్నీ నిర్వహించే వ్యక్తి) 30 రోజుల లోపు తిరిగి తేగలరు, ఆ తరువాత కుదరదు. అందుకే ముందు పాస్‌వర్డ్ మార్చి ప్రవేశం ఆపండి, మెయిల్‌నూ ఫైళ్ళనూ ఇంకొకరికి అప్పగించండి, ఆ తరువాతే తీసేయండి.

ఐదు వందలకే జీవితకాలం అంటూ అమ్మే ఖాతాలు కొన్నవాళ్ళు ఒకరోజు లాగిన్ కాలేక వస్తారు. వాళ్ళకు నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అలాంటివి తరచుగా ముక్కూ మొహం తెలియని ఏదో సంస్థ పేరుతో ఉంటాయి, దాని అడ్మిన్ తలచుకుంటే మీ ఫైళ్ళు చూడగలరు, తుడిచేయగలరు. మీ మెయిల్ చిరునామాలో @ తరువాత మీకు తెలియని పేరు ఉంటే, ఈ రాత్రికే మీ ఫైళ్ళన్నీ హార్డ్ డిస్కులోకి దించుకోండి.