అటక మీది బీబీసీ మైక్రోకు కరెంటు ఇచ్చే ముందు

అటక మీద దొరికిన పాత బీబీసీ మైక్రో కంప్యూటర్‌ని విప్పి, చూసి, మళ్లీ నడిపించే పని వేసవిలో పెట్టుకోండి, లేదా వానలు పూర్తిగా వెనకపట్టాక డిసెంబరులో పెట్టుకోండి. జులై నుంచి నవంబరు దాకా విజయవాడలో, గుంటూరులో గాలిలో ఉండే తేమకు పాత కంప్యూటర్‌ పవర్‌ సప్లైకి అస్సలు పడదు. ఎందుకో కింద చెప్తాను.

1984-85లో కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటర్‌ పరిచయం చేసే ‘క్లాస్‌’ పథకం కింద ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. బ్రిటన్‌లో ఏకార్న్‌ కంపెనీ 1981 చివర్లో విడుదల చేసిన మిషన్‌ అది. మోడల్‌ బీలో 6502 ప్రాసెసర్‌, 32 కేబీ మెమరీ ఉంటాయి. అప్పట్లో స్పేర్లు దొరికేవి కావు, దొరికినా ధర అందేది కాదు. కాబట్టి మీకు దొరికిన మిషన్‌లో ఎవరో మాస్టారో, రేడియో మెకానిక్కో చేయి చేసుకుని ఉంటే వింతేం లేదు. మూతకు కన్నం పెట్టి బిగించిన స్విచ్‌, చిప్‌ వీపు మీద టంకం పెట్టిన ఇంకో చిప్‌, బోర్డు మీద అడ్డదిడ్డంగా పాకిన సన్న వైర్లు కనిపిస్తాయి. ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టినట్టు, ఉన్నదాని మీద కావలసింది కట్టుకున్నారు.

అలాంటి మిషన్‌ని కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉన్నట్టు చేసేద్దాం అనుకోకండి. మార్చని బీబీసీ మైక్రోలు ఇంకా చాలానే ఉన్నాయి. ఆ వైర్లు వేసిన మనిషి ఆలోచన మాత్రం ఈ ఒక్క పెట్టెలోనే ఉంది. నన్నడిగితే పసుపెక్కిన ప్లాస్టిక్‌ని తెల్లగా చేసే పెరాక్సైడ్‌ జోలికి కూడా వెళ్లొద్దు. బడి పేరున్న స్టిక్కరు, స్విచ్‌ పక్కన పెన్నుతో రాసిన ‘పాతది–కొత్తది’ లాంటి రాతలు ఆ శుభ్రంలోనే పోతాయి. స్పిరిట్‌ గుడ్డతో తుడిచేవాళ్లూ ముందు రాతలు ఎక్కడున్నాయో చూసుకోండి.

విప్పేటప్పుడు మాస్కు, గ్లవ్స్‌ తప్పనిసరి. అటక మీద ఏళ్లపాటు ఉన్న పెట్టెలో ఎలుకల రెట్టలు, బల్లి గుడ్లు, బొద్దింకలు ఉంటాయి. చీపురుతో దులపకండి, నోటితో ఊదకండి. మూత పట్టే నాలుగు స్క్రూల దగ్గర ఆంగ్లంలో ‘ఫిక్స్‌’ అని ఉంటుంది, వెనక రెండు, అడుగున రెండు. మూతకు స్విచ్‌ బిగించి ఉంటే దాని వైర్లు లోపల బోర్డుకు అతుక్కుని ఉంటాయి. గబుక్కున లేపితే తెగుతాయి. తెగిన వైరు ఎక్కడిదో చెప్పే పుస్తకం ఏదీ ఉండదు. బెత్తెడు ఎత్తి, టార్చి వేసి చూసి, అప్పుడు పక్కకు వాల్చండి.

తర్వాత ఏదీ ముట్టుకోకుండా ఫోటోలు తీయండి. పైనుంచి ఒకటి, ప్రతి వైరు రెండు చివరలా దగ్గరగా ఒక్కోటి. ఫోటోల్లో ఒకదాని కింద ఒకటి దూరిన వైర్లు తెలియవు కాబట్టి కాగితం మీద బొమ్మ కూడా గీయండి. వైర్లకు మాస్కింగ్‌ టేపు చుట్టి అంకెలు వేయండి. స్విచ్‌ ఏ వైపు ఉందో రాసుకోండి.

ఇక ఈప్రామ్‌లు. ప్రోగ్రాంలు దాచి ఉంచే, నెత్తిన చిన్న గాజు కిటికీ ఉన్న చిప్‌లివి. మామూలు సాఫ్ట్‌వేర్‌ అయితే ఎక్కడైనా దొరుకుతుంది. చేత్తో పేరు రాసిన స్టిక్కరు ఉన్న చిప్‌లో మాత్రం ఇంకెక్కడా లేని ప్రోగ్రాం ఉండొచ్చు. కిటికీలోంచి పడే అతినీలలోహిత కిరణాలకు అందులోని సమాచారం చెరిగిపోతుంది. నేరుగా ఎండ తగిలితే వారం రోజులు చాలని తయారీదారుల డేటాషీట్లే చెబుతాయి. తడిసిందనో, చెమ్మగా ఉందనో డాబా మీద ఎండలో పెట్టడం మనకు అలవాటు. ఈ బోర్డును మాత్రం పెట్టకండి. పాత స్టిక్కర్ల జిగురు పోయి ఊడిపోతుంటాయి, వెంటనే నల్ల టేపు వేయండి. చిప్‌ల కాళ్లు నల్లబడి ఉంటే ఇట్టే విరుగుతాయి. రెండు చివరలా కొంచెం కొంచెంగా లేపుతూ తీయండి. ఈప్రామ్‌ ప్రోగ్రామర్‌లో (ఈ చిప్‌లను చదివే, రాసే పరికరం) ముందు చదివి ఫైలు దాచుకోండి. ‘రైట్‌’ బటన్‌ దరిదాపులకు పోవద్దు. ఫ్లాపీలకు బూజు ఉంటే డ్రైవ్‌లో పెట్టకండి, ఆ బూజు హెడ్‌కి అంటి తర్వాతి ఫ్లాపీని గీస్తుంది.

అసలు ప్రమాదం పవర్‌ సప్లై. ప్లగ్‌ తీసి ఉన్నా సరే, లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉండొచ్చు. పది నిమిషాలు ఆగి, మీటరుతో చూశాకే చేయి పెట్టండి. కరెంటు వచ్చే చోట పసుపుపచ్చని, పారదర్శకమైన తొడుగున్న రిఫా కంపెనీ కెపాసిటర్లు ఉంటాయి. ఆ తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది, పగుళ్లలోంచి లోపలి కాగితం తేమ పీలుస్తుంది. కరెంటు ఇచ్చాక కాసేపు బాగానే ఉండి, హఠాత్తుగా టప్పుమని పేలి గదంతా కమురు పొగ నిండుతుంది. పగుళ్లు కనిపించినా కనిపించకపోయినా వాటిని మార్చేయండి. ‘ఎక్స్‌2’ (ఇంటి కరెంటు లైనుకు నేరుగా తగిలించదగిన భద్రతా రకం) అని ముద్ర ఉన్నవే వేయాలి, మామూలు కెపాసిటర్‌ వేస్తే ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. వీటి విషయంలో పాతవే ఉంచాలన్న పట్టుదల అనవసరం. తీసినవాటిని కవరులో వేసి మిషన్‌తోనే ఉంచండి.

లోపల ఏకార్న్‌ సప్లై బదులు ఎవరో కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ సప్లై ఉంటే ఇంకా జాగ్రత్త. దాంట్లో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ చెడితే అసలు వోల్టేజీ మొత్తం చిప్‌ల మీద పడుతుంది. బోర్డు వైర్లన్నీ పీకేసి, లోడు కోసం 12 వోల్టుల బండి బల్బు తగిలించి కొలవండి. 5 వోల్టుల లైను 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య నిలకడగా ఉండాలి. ఈ కంప్యూటర్‌కు మైనస్‌ 5 వోల్టులు కూడా కావాలి, దాన్నీ చూడండి.

మొదటిసారి ప్లగ్‌ పెట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్‌ లాంపు (కరెంటు తనలోంచే వెళ్లేలా లైనులో కలిపే బల్బు) మధ్యలో పెట్టుకోండి. పాతకాలపు ఫిలమెంటు బల్బే ఉండాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఒక్కసారి వెలిగి తగ్గిపోతే మంచిది, పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్‌ ఉన్నట్టు. ‘ఏం కాదు సార్‌, ఆన్‌ చేసి చూద్దాం’ అనేవాళ్లను ఆ రోజుకు టీకి పంపించండి. పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది, ఎర్తింగ్‌ ఉందో లేదో చూపించుకోండి. ఎండాకాలం ఎర్త్‌ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయాలి. ఈదురుగాలికి కరెంటు పోయి వస్తూ ఉన్న సాయంత్రాలు ఈ పని వద్దు. మే నెల మధ్యాహ్నాలూ వద్దు. తొలిరకం వీడియో చిప్‌ మామూలు రోజుల్లోనే కాలిపోయేంత వేడెక్కుతుంది, దానికి హీట్‌ సింక్‌ (వేడిని లాగేసే లోహపు ముక్క) ఉందో లేదో చూడండి.

అదనపు బోర్డు మీద చిన్న బ్యాటరీ ఉంటే కారిందేమో గమనించండి. నికెల్‌ కాడ్మియం బ్యాటరీ కారితే వచ్చేది క్షారం. పచ్చగా పాకిన చోట కొంచెం వెనిగర్‌ అద్ది, తర్వాత ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌తో తుడవాలి. బ్యాటరీని ఉంచకండి, కానీ పీకేముందు దాని కరెంటుతో బతికి ఉన్న మెమరీ ఏమైనా ఉందా అని ఆలోచించండి.

వానలు వచ్చేసరికి పని సగంలో ఉంటే మూత వేసి దాచేయండి. ఉత్త పాలిథిన్‌ కవరులో కడితే చెమ్మ లోపలే మగ్గుతుంది, సిలికా జెల్‌ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌ వైపు కింది అంతస్తులు మునిగిపోయాయి. మీది గ్రౌండ్‌ ఫ్లోర్‌ అయితే పైన ఉండే చుట్టాలింట్లో పెట్టించండి. నీళ్లలో తడిసిన బోర్డుకు మాత్రం బురద కడిగి, నీడలో ఫ్యాను కింద పూర్తిగా ఆరేదాకా కరెంటు చూపించవద్దు.