డచ్ ఓవెన్‌తో (మూత మీద కూడా బొగ్గు పెట్టే పోత ఇనుప గిన్నె) క్యాంపింగ్ వంట: బొగ్గు అంటించే ముందు

• చలేసినా, వానొచ్చినా బొగ్గును టెంట్‌లోకి తేవద్దు, ఆరినట్టు కనిపించినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

• పార్కులో నిప్పు నిషేధం ఉందేమో బయల్దేరే రోజే చూడండి. బొగ్గుకూ వర్తించవచ్చు.

• కాలుతున్న గిన్నెలో చన్నీళ్లు పోయొద్దు. పోత ఇనుము పగులుతుంది.

• 12 అంగుళాల గిన్నెకు, సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వేడికి, మూత మీద 15 బ్రికెట్లు (అచ్చుపోసిన బొగ్గు ముక్కలు), కింద 9. కొత్తవాళ్లు కిందే ఎక్కువ పెడతారు. అడుగు మాడుతుంది, పైన పచ్చిగా మిగులుతుంది. గాలి వీస్తే ఈ లెక్కా తప్పుతుంది, అడ్డు పెట్టండి. పావుగంటకోసారి గిన్నెను ఒకవైపు, మూతను రెండోవైపు పావు చుట్టు తిప్పండి.

• మూత ఎత్తే కొక్కెం మరవద్దు. మూత వంగితే బూడిదంతా కూరలోకే.

• కొత్త గిన్నెలో చింతపండు పులుసు వద్దు; పులుపు ఇనుము మీద కాల్చి పట్టించిన నూనె పూతను తినేస్తుంది. వేపుళ్లతో మొదలుపెట్టండి.